ముక్కునుబట్టి మేత

చదువవలసిన భాగములు: 1 రాజులు 4:29–34, 1 రాజులు 17:1–6, యోబు 38:41, యోబు 39:26–30, మత్తయి 10:29.



సొలొమోను జ్ఞానమునుగూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. ఇద్దరు తల్లులు ఒక బిడ్డకొరకు వాదులాడిన కథ పసిపిల్లలకు సహితము తెలియును. అయితే ఆ రాజు చెట్లనుగూర్చియు, మృగములను, పక్షులను, చేపలనుగూర్చియు బోధించుచుండెనని అదే గ్రంథములో నున్నది. దీనిమీద ప్రసంగము విన్నవారు అరుదు. రాజు పిట్టలనుగూర్చి మాటలాడుట కొందరికి చిన్నతనముగా తోచును కాబోలు. దేవుడిచ్చిన జ్ఞానము ఆ పనికి సహితము పనికివచ్చెనని పరిశుద్ధ గ్రంథము సంకోచింపక చెప్పుచున్నది. కాబట్టి ఈ నెల పాఠమునకు పక్షి ముక్కును తీసికొందము.

మన భాషలో మనుష్యుని ముక్కునకును పక్షి ముక్కునకును ఒకటే మాట. ఊపిరి రంధ్రములు దానిమీద ఉండుటచేత ఆ పేరు వచ్చెనేమో గాని, నిజముగా అది పక్షికి నోరు. నోరు మాత్రమే కాదు, చేయి కూడ. మనము చేతితో ఏరుదుము, పండ్లతో కొరుకుదుము, గోటితో గీకుదుము, సూదితో కుట్టుదుము, పార పట్టి త్రవ్వుదుము. పక్షికి ఈ పనులన్నిటికిని ముక్కు ఒక్కటే. తుమ్మచెట్టుకు వ్రేలాడు గిజిగాని గూడు ఒకటి తెచ్చి చూడుడి. గడ్డిపోచను పోచలోనికి దూర్చి, ముడివేసి, బిగించినది చిన్న ముక్కు.

దాని లోపల నున్నది దవడ ఎముక. పైన కొమ్మువంటి పొర ఒకటి కప్పియుండును. మన గోళ్లు, ఎద్దు కొమ్ముపై తొడుగు, గేదె గిట్ట ఏ పదార్థముతో కట్టబడినవో ఆ పొరయు ఆ పదార్థమే. శాస్త్రజ్ఞులు దానిని కెరటిన్ అందురు. గోరువలె అది ఎల్లప్పుడు పెరుగుచునే యుండును, అరుగుచునే యుండును. కోడి మేత తిన్న పిమ్మట ముక్కును ఇటు అటు నేలకు రాచుకొనుట మనము దినమును చూచుచున్నాము. ముక్కు శుభ్రమగుటకును, పెరిగిన అంచు అరుగుటకును ఆ రాపిడి తోడ్పడును.

కోడిని పొదిగించిన తల్లులకు ఇంకొక సంగతి తెలిసియుండును. అప్పుడే బయటపడిన పిల్ల ముక్కుకొనమీద తెల్లని చిన్న మొటిమ ఒకటి కనబడును. అది పెంకు పగులగొట్టుటకు కలిగిన పనిముట్టు. లోపలనుండి పెంకును పొడుచుటకు పిల్లకు మరియొక సాధనము లేదు. బయటికి వచ్చిన కొద్ది దినములలోనే అది రాలిపోవును. ఒక్క దినపు పనికొరకు కలిగి, ఆ పని తీరగానే ఊడిపోవు ఉలి అది. ఆదివారపు బడి పిల్లలకు ఏ బొమ్మయు అక్కరలేదు, ఒక కోడిపిల్లను అరచేతిలో పెట్టి చూపిన చాలును.

ఇక చెరువు గట్టునకు పోదము. మన ఓరుగల్లు ప్రాంతమునకు చెరువుల కొదువ లేదు. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున, కట్టబడినది. ఎనిమిది వందల ఏండ్లుగా అది మనుష్యులకు వరి అన్నము పెట్టుచు, పక్షులకును అన్నము పెట్టుచున్నది. నైజాము రాజ్యములోని పక్షులనన్నిటిని లెక్కించుటకు సలీం అలీ అను పక్షి శాస్త్రజ్ఞుడు 1931–32 సంవత్సరములలో ఊరూర తిరిగెను. మన పెద్దలకు ఆయనకంటె ముందే పక్షులు తెలియును, అందుచేతనే పేర్లు పెట్టిరి. ఆ పేర్లలో కొన్ని ముక్కును చూచి పెట్టినవే. తెడ్డుమూతి కొంగను చూచినవారికి ఆ పేరు ఎందుకో చెప్పనక్కరలేదు. తెడ్డువంటి మూతిని కొంచెము తెరచి, నీటిలో ఇటునుండి అటు కోత కోసినట్లు ఆడించుకొనుచు నడచును, లోపల ఏదైన తగిలిన వెంటనే మూయును. గూడబాతు ముక్కు క్రింద సంచి కలదు. మన రైతులు గూడవేసి నీరు తోడినట్లే అది నీటితో కూడ చేపను తోడి, నీటిని విడిచి చేపను మ్రింగును. ఉల్లంకి పిట్ట పొడుగాటి ముక్కును బురదలోనికి దించి, కన్నులతో చూడకయే పురుగును కనిపెట్టును, ఆ ముక్కు కొనకు మన వ్రేలి కొనవలె స్పర్శ ఉన్నది. బురదలో ముక్కంతయు తెరచుటకు వీలు లేదు గనుక అది కొనను మాత్రమే తెరవగలదు.

లకుముకి పిట్ట నీటిలోనికి దుముకునప్పుడు నీరు ఎక్కువ చిందదు. జపానులో వేగముగా పోవు రైలు సొరంగమునుండి బయటికి వచ్చునప్పుడు ఫిరంగి మ్రోగినట్లు చప్పుడగుచుండెనట. పక్షులను చూచు అలవాటుగల ఇంజనీరు ఒకడు రైలు మూతిని ఈ పిట్ట ముక్కువలె సన్నగా చేయించెను. 1997లో ఆ రైలు నడువ నారంభించెను. కాజీపేటలో రైలు పని చేయు మన సహోదరులు ఈ కథను మెచ్చుకొందురని తలంచుచున్నాను.

నత్తగుల్ల కొంగనుగూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. వరి మళ్లలో నత్తలను వెదకు పక్షి ఇది. దాని ముక్కు మూసినను పై ముక్కునకును క్రింది ముక్కునకును నడుమ సందు ఉండును. ఆ సందును చూచి, అడకత్తెరలో పోకచెక్కను నొక్కినట్లు అది నత్తగుల్లను నొక్కి పగులగొట్టునని చాలకాలము పండితులు సహితము అనుకొనిరి. ఆ ఊహ వినుటకు బాగుగనే యున్నది. అయితే ఓపికతో దగ్గర కూర్చుండి చూచినవారికి ఆ పక్షి తిని విడిచిన గుల్లలు అనేకము పగులకయే దొరకినవి. అది చేయు పని వేరు: క్రింది ముక్కు కొనను గుల్లలోనికి దూర్చి, నత్తను గుల్లకు అంటిపెట్టియుంచు కండరమును కోసి, మాంసమును ఊడలాగును. దాని పిల్లలకు ఈ సందు ఉండదు. వాటి ముక్కులు తిన్నగానే యుండి, పెద్దవైన కొలది సందు ఏర్పడును. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో ఈ కొంగలు గూళ్లు కట్టును గనుక చూడగోరువారు అక్కడికి పోవచ్చును.

పులికాటు సరస్సునకు వచ్చు రాజహంస మరియు విచిత్రమైనది. అది తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికి బయటికి తోడుచు, ముక్కు అంచులనున్న దువ్వెన పండ్లవంటి వరుసలతో మేతను జల్లెడపట్టును. ఆ ముక్కు నడుమ వంగియున్నది, తలక్రిందులు చేసినప్పుడే ఆ వంపు ఎందుకో తెలియును.

ఇన్ని ముక్కులు ఎట్లు కలిగెను? హనుమకొండలోను వరంగల్లులోను కళాశాలలకు పోవు మన పిల్లలు జీవశాస్త్రములో పరిణామమునుగూర్చి చదివి వచ్చుచున్నారు. ఇంటిలో అడిగినయెడల కొన్ని చోట్ల వారిని గద్దించుచున్నాము. గద్దింపబడిన పిల్లవాడు నోరు మూసికొనును గాని ప్రశ్న మానడు. కొంతకాలమునకు గుడికి వచ్చుట మానును. కాబట్టి శాస్త్రజ్ఞులు చెప్పునదేమో మనము ముందు సరిగా వినవలెను.

1835లో చార్లెస్ డార్విన్ అను ఇంగ్లీషు యువకుడు ఓడమీద గలపాగోస్ అను దీవులకు పోయెను. అవి దక్షిణ అమెరికాకు పడమట సముద్రములో నున్నవి. అంతకు ముందు అతడు పాదిరి కావలెనని కేంబ్రిడ్జిలో చదివినవాడే. ఆ దీవులనుండి తెచ్చిన చిన్న పిట్టలను లండనులో జాన్ గూల్డ్ అను పండితుడు 1837లో పరీక్షించి, ముక్కులలో అంత భేదమున్నను అవి అన్నియు దగ్గరి చుట్టములని చెప్పెను. ఒకదాని ముక్కు గింజలు పగులగొట్టు పట్టుకారు, మరియొకదానిది పురుగులను ఏరు సన్నని చిమటా. ఒకే వంశము వేరు వేరు మేతలకు అలవడి వేరు వేరు ముక్కులు గలదయ్యెనని డార్విన్ తరువాత తలంచెను. అతని గ్రంథము 1859లో అచ్చయినది.

ఇది ఊహ మాత్రమే, ఎవరు చూచిరి అని మనలో కొందరందురు. చూచినవారు ఉన్నారు. పీటర్ గ్రాంటు, ఆయన భార్య రోజ్‌మేరి గ్రాంటు 1973 మొదలుకొని ఆ దీవులలో డాఫ్నే అను చిన్న దీవిమీద ఏటేట గుడారములు వేసికొని, పిట్టలను పట్టి, కాలికి కడియములు వేసి, ముక్కులు కొలిచి విడిచిపెట్టుచుండిరి. 1977లో అక్కడ వర్షము లేకపోయెను. మెత్తని చిన్న గింజలు త్వరలో అయిపోయెను. మిగిలినవి ఎక్కువగా పెద్దవి, గట్టివి. వాటిలో ఒకటి మనము ఎరిగినదే. మన పొలము గట్లమీద చెప్పులు లేని పాదములకు గ్రుచ్చుకొను పల్లేరుకాయకు దగ్గరి చుట్టమైన ముళ్లకాయ అది. లావు ముక్కుగల పిట్టలు దానిని పగులగొట్టి గింజ తినగలిగెను. సన్న ముక్కు గలవి అనేకము ఆకలికి చచ్చెను. నూటికి 85 వంతులు పోయెను. బ్రదికిన వాటి ముక్కులు మునుపటి సగటుకంటె సుమారు సగము మిల్లీమీటరు లావు. వాటికి పుట్టిన పిల్లలకును తల్లిదండ్రుల పోలికచొప్పున లావు ముక్కులే వచ్చెను. తరువాత 1983లో కుండపోతగా వానలు కురిసి చిన్న గింజలు విస్తారమాయెను. అప్పుడు చిన్న ముక్కు గలవాటికి మేలు కలిగి, సగటు వెనుకకు తిరిగెను.

సగము మిల్లీమీటరు ఏమంత గొప్ప అని అడుగవచ్చును. కరవు ఎరిగిన మనము అడుగకూడదు. కరవు సంవత్సరములో ఒక మానెడు జొన్నలు ఇంటిలో ఉండుటకును లేకపోవుటకును భేదమెంతో మన పెద్దలకు తెలియును. ఒక ఏటి మార్పు సగము మిల్లీమీటరైనయెడల కోట్ల ఏండ్లలో కొంగకును చిలుకకును నడుమనున్నంత భేదము కలుగవచ్చునని శాస్త్రజ్ఞుల వాదము.

ముక్కు పక్షులకు మాత్రమే సొత్తు కాదు. చెరువులోని తాబేలుకు పండ్లు లేవు, కొమ్మువంటి ముక్కుతోనే కొరుకును. సముద్రములోని ఆక్టోపసుకు ఎముకయే లేదు గాని, ఎనిమిది చేతుల నడుమ చిలుక ముక్కువంటిది ఒకటి కలదు. ఇవి ఒకదానినుండి ఒకటి నేర్చుకొన్నవి కావు. ఏ ఊరి కమ్మరి చేసినను కొడవలికి వంపు తప్పనట్లు, ఒకే పనికి ఒకే తీరు పనిముట్టు వేరు వేరు వంశములలో వేరు వేరుగా కలిగెను.

దీనికి సాక్ష్యము మన గోదావరి లోయలోనే ఉన్నది. దానిలో ఒక మిషనెరీ పేరు కూడ కలిసియున్నది. స్కాట్లండునుండి వచ్చిన రెవరెండు స్టీఫెన్ హిస్లాప్ 1845లో నాగపూరు చేరి సువార్త పని చేసెను. బడి పెట్టెను, గోండుల భాషను ఆచారములను వ్రాసికొనెను, తీరిక దొరకినప్పుడు రాళ్లను పరీక్షించెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి అను చోట ఎర్రమట్టిలో దొరకిన రాతిగా మారిన పండ్లను ఎముకలనుగూర్చి ఆయన వ్రాసిన ఉత్తరములు లండనులో 1864లో అచ్చయినవి. అప్పటికే ఆయన లేడు. 1863లో రాత్రివేళ వాగు దాటుచు మునిగి చనిపోయెను. నాగపూరులో ఆయన పేరిట కళాశాల ఇప్పటికిని నడుచుచున్నది.

ఆ మాలేరి మట్టిలో దొరకిన జంతువులలో ఒకటి ముక్కుగల బల్లిజాతిది. ఇప్పటి బల్లివంటిది కాదు, పందియంత లావైనది. పై దవడ ముందుభాగము చిలుక ముక్కువలె క్రిందికి వంగియుండును, అక్కడ పండ్లు లేవు. లోపలి పండ్లు వరుసలుగా నుండి, మడుచు చాకు పిడిలోనికి దిగినట్లు క్రింది దవడ వాటి నడుమనున్న గాడిలోనికి దిగును. ఆకులు దుంపలు తినెడిదని తలంచుచున్నారు. దానికి 1881లో హక్స్లీ పేరిట నామకరణము జరిగెను. దేవుడున్నాడో లేడో తెలియదని చెప్పుకొనిన హక్స్లీ పేరే అది. పాదిరి సువార్తకై తిరిగిన ప్రాంతపు జంతువుకు ఆ పండితుని పేరు తగులుట నాకు కొంచెము నవ్వు తెప్పించును. 1974లో శంకర్ ఛటర్జీ అను మన దేశపు శాస్త్రజ్ఞుడు దాని అస్థిపంజరమును సంపూర్ణముగా వర్ణించెను. దాని వయస్సు 22 కోట్ల ఏండ్లకు పైమాట. అది పక్షులకు తాత కాదు. పక్షులు వేరు కొమ్మనుండి, రాక్షసబల్లుల వంశమునుండి వచ్చినవనియు, తొలి పక్షులకు పండ్లు ఉండెననియు రాళ్లు చూపుచున్నవి. అట్టి పండ్లుగల పక్షి ఒకటి 1861లో జర్మనీలో బయటపడెను.

హిస్లాప్ గారు ఆ ఎముకలను దాచిపెట్టలేదు, పగులగొట్టలేదు. విశ్వాసమునకు చేటని భయపడలేదు.

ఆదికాండము మొదటి అధ్యాయములోని దినములను ఇరువదినాలుగు గంటలుగానే ఎంచు భక్తులు మన సంఘములలో ఉన్నారు. వాటిని దీర్ఘకాలములుగా ఎంచు భక్తులును ఉన్నారు. ఇద్దరును ఒకే బల్లయొద్ద రొట్టెను తీసికొనుచున్నారు. నా మట్టుకు నేను చెప్పునదేమనగా, ఆ అధ్యాయములో దేవుడు నీటికిని నేలకును ఆజ్ఞ ఇచ్చి వాటిచేత జీవులను పుట్టింపజేసెను. తల్లి గర్భములో మనలను నిర్మించినవాడు దేవుడేయని 139వ కీర్తన చదివి నమ్ముచున్నాము. ఆ బిడ్డ తొమ్మిది నెలలు నెలకొక తీరుగా ఎదుగునని మంత్రసానికి తెలియును. మంత్రసాని జ్ఞానముచేత కీర్తన అబద్ధము కాలేదు. తొమ్మిది నెలలు తీసికొనువాడు తొమ్మిది కోట్ల ఏండ్లు తీసికొనకూడదా?

దీనికంటె కష్టమైన ప్రశ్న ఒకటున్నది. మన పిల్లలు దానిని కూడ అడుగుదురు. నూటికి 85 పిట్టలు ఆకలికి చచ్చుటవలన ముక్కు మారుచున్నయెడల, పక్షులను పోషించు తండ్రి ఎక్కడ? దీనికి సులువైన జవాబు నాయొద్ద లేదు, ఉన్నదని చెప్పువారిని నేను నమ్మను. అయితే పిచ్చుకలనుగూర్చి ప్రభువు చెప్పిన మాటను జాగ్రత్తగా చదువవలెను. అవి నేల పడవని ఆయన చెప్పలేదు. తండ్రికి తెలియకుండ ఒకటియు పడదని చెప్పెను. కరవులో బిడ్డలను పాతిపెట్టిన మన పూర్వికులు ఆ వాక్యమును పట్టుకొని బ్రదికిరి. అది సగము జవాబు మాత్రమే. మిగిలిన సగము యోబుకు సహితము ఇయ్యబడలేదు.

ఇక కాకి. ‘కాకి ముక్కుకు దొండపండు’ అని మనవారు ఎగతాళిగా అందురు. తగనివానికి తగని సొగసు అని దాని భావము. కాకి ముక్కు నిజముగా ఏ ఒక్క పనికి ప్రత్యేకింపబడినది కాదు. గింజ, పురుగు, ఎంగిలి మెతుకు, చచ్చిన ఎలుక అన్నిటికిని అదే సరిపోవును. అందుచేతనే ఏ ఊరు పోయినను కాకి బ్రదుకును. లేవీయకాండము పదకొండవ అధ్యాయములో కాకులన్నియు అపవిత్ర పక్షులలో చేర్చబడినవి. ఆ కాకి ముక్కుననే దేవుడు రొట్టెను మాంసమును పెట్టి, కెరీతు వాగుదగ్గర ఏలీయాకు ఉదయ సాయంత్రములు పంపెను. ప్రవక్త దానిని తోసివేయలేదు. ఒకప్పుడు ఊరి బావి దగ్గరికి మనలను రానీయనివారు, మన చేతి నీళ్లు త్రాగనివారు ఎందరో యుండిరి. ఆ మాట ఎరిగిన తాతలు, అవ్వలు ఇప్పటికిని మన గుడులలో కూర్చుండుచున్నారు. ఈ కథను వారు చదువు తీరు వేరు, పట్టణపు పండితుడు చదువు తీరు వేరు.

కడపట రాబందు. యోబు గ్రంథములో ఎత్తైన కొండ కొననుండి ఎరను కనిపెట్టి, చచ్చినవాటియొద్దకు వచ్చు పక్షిరాజు వర్ణన కలదు. అక్కడి హెబ్రీ మాట రాబందుకు కూడ చెల్లును. దాని కొక్కెపు ముక్కు చచ్చిన గొడ్డు తోలును చీల్చుటకు కలిగినది. మన చిన్నతనమున ఊరి బయట గొడ్డు పడినయెడల గడియలో దిగెడివి. ఇప్పుడు కుక్కలు తప్ప ఏమియు రావు. 1990ల తరువాత మన దేశములో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించెను. కారణము గొడ్లకు నొప్పికి వాపునకు పొడిచిన డైక్లోఫినాక్ అను మందు. మందు పడిన గొడ్డు చచ్చిన తరువాత ఆ మాంసము తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి చచ్చును. 1977లో డాఫ్నే పిట్టలకు కరవు వచ్చినప్పుడు లావు ముక్కు కొన్నిటిని కాపాడెను. ఈ విషమునకు ఏ ముక్కును అడ్డము కాలేదు. లక్షల ఏండ్లలో మారునది పది ఏండ్లలో మారజాలదు.

2006లో పశువులకు ఆ మందు వాడరాదని ప్రభుత్వము ఆజ్ఞ చేసెను. 2013లో ఆసిఫాబాదు ప్రాంతపు బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్టమీద పొడుగుముక్కు రాబందులు గూళ్లలో కనబడినవి. మెలాక్సికామ్ అను మందు అదే పని చేయును, రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. మీ ఎద్దుకో గేదెకో సూది మందు వేయించునప్పుడు మందు పేరేమని పశువైద్యుని అడుగుడి. మనుష్యుల కొరకు అమ్మిన డైక్లోఫినాక్ సీసాను తెచ్చి గొడ్డుకు పొడుచువాడు వచ్చినయెడల వద్దని చెప్పి, మెలాక్సికామ్ తెప్పించుడి.